కాటుక పెట్టిన కుండీలు

పొద్దు 211

దిష్టిబొమ్మకి కాళ్ళుండవు పిన్నీ. ఇదీ నా జవాబు.

నిన్న లిఫ్టు దగ్గర అందరి ముందూ అన్నావు కదా, "నీ బదులు ఆ ఫ్లైఓవర్ మీద ఓ దిష్టిబొమ్మని నిలబెట్టినా నయంరా వీరాంజీ, అదైతే నిద్రన్నా పోదు" అని. అప్పుడు నాకు మాట తోచలేదు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తోచింది. నలభై కుండీలు నాలుగు దిక్కులకీ లగెత్తితే దిష్టిబొమ్మ ఎవరి వెనకాల లగెత్తుతుంది? నేనైతే లగెత్తుతాను. కాళ్ళున్నాయి కాబట్టి. ప్రస్తుతానికి రెండూ వాచి ఉన్నాయి.

ఈ మాట సామ్రాజ్యం పిన్ని ముఖాన అనే ధైర్యం లేక పెట్టెకి చెబుతున్నాను. మా టవర్ సెక్రటరీ నాగభూషణం గారు ఈ చిట్టా పెట్టెని నా మెడలో వేసి వారమైంది. మందని కాసేటప్పుడు ఏం జరిగినా ఇందులో చెప్పాలి. సాయంత్రం ఆయన టీ తాగుతూ వింటారు. రాయమని అడగలేదు. నేను ఏడో తరగతిలో బెంచీ మీంచి లేచినవాణ్ణని, మళ్ళీ దేని మీదా కుదురుగా కూర్చోలేదని ఆయనకి తెలుసు.

మంద అంటే మా టవర్ కుండీలు. పొద్దున్నే గేటు దగ్గర మస్తాన్ బాబాయ్ ఈల వేస్తాడు. ఒక్కో ఇంటి వంటగదికీ కింద ఉన్న చిన్న తలుపులోంచి కుండీలు బయటికొస్తాయి, నాలుగేసి కాళ్ళ మీద, టకటకా. టొమాటోలకి తొందరెక్కువ. కాకరకాయ ఎప్పుడూ చివర్న, అలిగిన అల్లుడిలా. మా టవర్ చుట్టూ టవర్లే కదా, ఎండ పడదు. అందుకని పాత ఫ్లైఓవర్ మీదికి తోలుకెళ్ళాలి. అక్కడ అవి ఎండ మేస్తాయి. ఎప్పుడో ఆగిపోయిన ఒక బస్సు పైకప్పు మీద నేను మంచె వేసుకుని చూస్తుంటాను. కృష్ణ మీంచి గాలి వస్తుంది. సాయంత్రం వెలుతురు పోగానే ప్రతి కుండీ తన మొక్కని చుట్టూ కప్పే తెర గొడుగు టక్కున మూసుకుని ఇంటికి బయల్దేరుతుంది. ఎవరి కుండీ వాళ్ళింటికే, ఒక్కటీ దారి తప్పదు. నేను వెనకాల పాట పాడుకుంటూ నడవడమే.

నిన్న మూడు రాలేదు. రెండు టొమాటోలు, ఒక బెండ.

అవి ర్యాంపు కింద కనపడ్డాయి. కాళ్ళు పైకి పెట్టి, బోర్లా. మొక్క లేదు, కాయ లేదు. కిందికి దిగి తెచ్చుకుందామంటే దిగకూడదు. "నేలది నేలకే, గదిది గదికే." ఒప్పందంలో మొదటి మాట అది. నేల జంతువులకి ఇచ్చేసి మనం టవర్లెక్కినప్పుడు రాసుకున్నారు. ఫ్లైఓవర్ నేలకి తగలదు, మా గేటు నుంచి దాని మీదికి వంతెన ఉంది, కాబట్టి మనదే. ర్యాంపు దిగితే వాళ్ళది. కుండీ దిగినా సరే, నేను దిగినా సరే.

నాగభూషణం గారు మెత్తగా చెప్పారు. ఆయన ఏదైనా మెత్తగానే చెబుతారు, అదే భయం.

"ఇంకో మూడు పోయాయంటే నిన్ను లోపలికి వేసుకుంటాం నాయనా. ఫిర్యాదుల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది."

ఆ గది నేను చూశాను. కిటికీ లేదు. కుర్చీలోంచి లేస్తే గంట మోగుతుంది. అందులో కూర్చుని టవర్‌లో వాళ్ళందరి ఫిర్యాదులూ వినాలి, జీవితాంతం. దానికంటే కాకరకాయగా పుట్టడం మేలు. రోజూ ఎండకన్నా పోవచ్చు.


పొద్దు 212

నేను నిద్రపోలేదని తేలింది. సెక్రటరీ గారూ, ఈ ముక్క రెండుసార్లు వినండి.

కుండీకి రెండు కళ్ళుంటాయి, అంచు మీద చెరో పక్కా. ఏ కంటికి వెలుతురు ఎక్కువ తగిలితే అటు నడుస్తుంది. అంతే దాని బుర్ర. పొట్టిగా, మెల్లగా, ఎవరి జోలికీ పోకుండా బతికే ప్రాణి.

మధ్యాహ్నం భోజనాల వేళకి కోతులొచ్చాయి. రావడం రోజూ ఉన్నదే. డప్పు కొడితే పోతాయి. ఇవాళ పోలేదు. ముందు పెద్దాయన వచ్చాడు. పెద్దాయన అంటే కోతుల మందకి పెద్ద, సగం తోక, బోర్డు మీటింగుకి వచ్చినట్టు నడక. వచ్చి, కాయ కొయ్యకుండా, ఆకు తుంపకుండా, ఐదో అంతస్తు వాళ్ళ దోసకుండీ అంచు మీద కూర్చున్నాడు. కూర్చుని ఎడమచేత్తో కుండీ ఎడమ కన్ను మూశాడు.

కుండీ కుడికి తిరిగింది.

చెయ్యి తీశాడు. తిన్నగా నడిచింది. మళ్ళీ మూశాడు. మళ్ళీ కుడికి తిరిగింది. ర్యాంపు కుడిపక్కనే ఉంది. నేను బస్సు మీంచి దూకి లగెత్తేసరికి పెద్దాయన దోసకుండీ మీద సవారీ చేస్తూ ర్యాంపు సగం దిగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు కూడా. నవ్వలేదు. మర్యాదస్తుడు.

వెనకాల ఇంకో నాలుగు కోతులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. నేర్చుకుంటున్నాయి.

గేటు దగ్గర మస్తాన్ బాబాయ్‌కి చెబితే నా నుదురు తాకి చూశాడు.

"ఎండ దెబ్బరా. కోతి కుండీని తోలడం ఏంది?"

"ఒట్టు బాబాయ్. ఎడం చేత్తో కన్ను మూసి కుడికి తిప్పింది."

"ఓర్నాయనో. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నా, ఆ గేటు ఎటు తిప్పితే తెరుచుకుంటుందో నాకింకా సరిగ్గా రాదు."


పొద్దు 213

రాళ్ళు వెయ్యకూడదు. వడిసెల తిప్పకూడదు. మిరప్పొగ పెట్టకూడదు. అన్నీ ఒప్పందంలో ఉన్నాయి. మిగిలింది భయపెట్టడం. కోతికి భయం కొండముచ్చంటేనే. అందుకని కొండముచ్చు వేషం వేశాను.

ముఖానికి మసి. ఒంటికి బూడిదరంగు కంబళి. తోకకి పాడైన లిఫ్టు తాడు. గేటు దాటుతుంటే మస్తాన్ బాబాయ్ లేచి దండం పెట్టాడు, వెటకారంగా. "నీ పేరులోనే ఉంది కదరా. ఇన్నాళ్ళకి సార్థకం చేశావు."

పొద్దున బాగానే పనిచేసింది. బస్సు మీద నిలబడి గుర్రుమన్నాను. కోతులు ఫ్లైఓవర్ గోడ దాటి అటు దూకాయి. నేను రొమ్ము విరుచుకుని, తోక ఒక తిప్పు తిప్పి కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండకి కంబళిలో ఉడికిపోతూ కళ్ళు మూతలు పడుతుంటే వీపు మీద ఎవరో చెయ్యి వేశారు.

పెద్దాయన.

నా వెనకాల కూర్చుని జుట్టు పాయలు తీసి పేలు చూస్తున్నాడు. నేను కదల్లేదు. కదిలితే కరుస్తాడేమోనని కొంత. నిజం చెప్పాలంటే హాయిగా ఉండి కొంత. ఈలోగా మిగతావాళ్ళు ముల్లంగినీ పచ్చిమిర్చినీ తోలుకుపోయారు. పచ్చిమిర్చి తోలుకుపోయినవాడు కింద గెంతుతూ కనపడ్డాడు. అదొక్కటే ఆనందం.

"దొరికినియ్యా?" అని అడిగాడు మస్తాన్ బాబాయ్ సాయంత్రం.

"కుండీలా?"

"పేలు."

"రెండు."


పొద్దు 214

నాగభూషణం గారు కబురు పంపించారు. వెళ్ళాను. ఆయన పెట్టె విన్నారు, మొదట్నుంచీ. పేల సంగతి దగ్గర టీ పొలమారిందట. అయినా ముఖంలో నవ్వు లేదు.

"వీరాంజీ, నువ్వు మొన్న ఒక మంచి మాట అన్నావు."

నాకు అనుమానం వచ్చింది. నేను మంచి మాట అన్నానని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"దిష్టిబొమ్మకి కాళ్ళుండవు అన్నావు. రాత్రి కమిటీలో చర్చకి పెట్టాను. నిజమే కదా. లోపం అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ సామ్రాజ్యమ్మ గారు చెప్పింది సబబే. అది నిద్రపోదు, కంబళి కప్పుకోదు, పేలు చూపించుకోదు."

"అండీ..."

"అందుకని కాళ్ళు పెట్టిస్తున్నాం."

పెట్టించేశారు కూడా. పక్కగదిలో చూపించారు. ఆయన ఇంట్లో క్రోటన్ మొక్క చచ్చిపోయిన కుండీ ఒకటుంటే, ఆ కుండీ మీద రెండు కర్రలు కట్టి, ఆయనదే పాత చారల చొక్కా తొడిగి, పైన బోర్లించిన కుండకి సున్నం బొట్లు, నల్ల మీసాలు. కుండీ తెర గొడుగు చొక్కా కింద మడిచి ఉంది. మీసాలు మాత్రం నాగభూషణం గారివే దించేశారు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుస్తోంది, ఆయనకి తప్ప.

"మందతో పాటే ఎండకి నడుస్తుంది. మందతో పాటే ఇంటికొస్తుంది. నోరుండదు" అని మురిసిపోయారు. "పొద్దు 217 మధ్యాహ్నం నుంచి దీనికి అప్పగించు. నువ్వు కుర్చీలోకి రా."

అంటే నా ఉద్యోగం పోయింది. నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. పెట్టెకి చెప్పకుండా పిన్ని ముఖాన అని ఉంటే రెండు తిట్లు తిట్టి ఊరుకునేది.


పొద్దు 215

గేటు దగ్గర సామ్రాజ్యం పిన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆవిడ వంగకుండీ పేరు చిట్టి. మా టవర్ మొత్తానికి గుత్తివంకాయ కూరకి పనికొచ్చే వంగ అదొక్కటే. బిడ్డకంటే ఎక్కువ. బిడ్డ పక్క టవర్‌లో ఉంటాడు, రెండు వారాలకోసారి కనపడితే ఎక్కువ.

"ఆగరా. దీనికి దిష్టి తగిలింది. నిన్నటిదాకా కళకళలాడింది, ఇవాళ పువ్వు రాల్చింది. లిఫ్టులో ఆ ఏడో అంతస్తావిడ చూపులు నేను గమనించా."

చెంగులోంచి భరిణె తీసి, వేలితో కాటుక ముద్దగా తీసి, చిట్టి అంచుకి కుడిపక్కన చుక్క పెట్టింది.

"పిన్నీ, అది దాని కన్ను."

"కాటుక పెట్టేది కంటికే. నీకు తెలీకపోతే నోరు మూసుకుని తోలుకుపో."

నోరు మూసుకుని తోలాను.

కుడికన్ను మూసుకుపోయిందేమో, చిట్టి ఎడమకి తిరిగింది. ఇంకా తిరిగింది. గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ గేటు దగ్గరే ఉండిపోయింది. చివరికి దాన్ని చంకనెత్తుకుని ఫ్లైఓవర్ దాకా మోశాను. మిగతా కుండీలు మా ఇద్దర్నీ చూసి ఏమనుకున్నాయో. ఏమీ అనుకోవు. నాకే అనిపించింది.

అసలు విషయం ఇప్పుడు. మధ్యాహ్నం పెద్దాయన వచ్చి చిట్టిని చూశాడు. చిట్టికి ఐదు కాయలున్నాయి, ఊదారంగువి, నిగనిగలాడుతూ. ఎక్కి కూర్చున్నాడు. నేను బస్సు మీంచి దూకుతూనే ఉన్నాను. అలవాటు ప్రకారం ఎడమ కన్ను మూశాడు.

కుడికన్నుకి కాటుక. ఎడమకన్నుకి కోతి చెయ్యి. చిట్టికి లోకమంతా చీకటైపోయింది. రాత్రయిందనుకుని గొడుగు టక్కున మూసేసింది.

పెద్దాయన ఎగిరి దూకాడు. ఆఖరి క్షణంలో తప్పించుకున్నాడుగానీ ఉన్న సగం తోకలో బొచ్చంతా తెరకి వదిలేశాడు. గోడెక్కి కూర్చుని తోకనీ చిట్టినీ మార్చి మార్చి చూసుకున్నాడు. మళ్ళీ ఇవాళ ఒక్క కుండీని ముట్టుకోలేదు. ఒక్కదాన్నీ!

నేను బస్సు చుట్టూ గంతులేస్తుంటే చిట్టి తన దారిన తను వెళ్ళిపోయింది. సాయంత్రం పిన్ని తెగ సంబరపడింది. "చూశావా కాటుక మహిమ. మధ్యాహ్నానికే ఇంటికొచ్చి బుద్ధిగా పడుకుంది నా తల్లి. దిష్టి పోతే అంతే, పసిపిల్లలకి నిద్ర పట్టేస్తుంది."


పొద్దు 216

రేపు మధ్యాహ్నంతో ఆఖరు.

ఇవాళ ఏమీ జరగలేదు. కోతులు గోడ మీద కూర్చుని చూశాయి. పెద్దాయన తోక నాకుతూ దూరంగా కూర్చున్నాడు. రేపో ఎల్లుండో మరిచిపోతాడు. కోతి కదా. ఆ చారల చొక్కా బొమ్మ వాటిని ఆపదని నాకు తెలుసు. నేను కొండముచ్చునైతేనే ఆగలేదు, నాగభూషణం గారి మీసాలకి ఆగుతాయా? వారంలో మంద మొత్తం ర్యాంపు కింద బోర్లాపడి ఉంటుంది. చిట్టితో సహా.

బస్సు పైకప్పు మీద పడుకున్నాను కాసేపు. రేకు వెచ్చగా ఉంది. మంగళగిరి కొండ వైపు నుంచి నెమళ్ళు అరుస్తున్నాయి. కాకరకాయ కుండీ మందలోంచి విడిపోయి వచ్చి నా నీడ పక్కన నిలబడింది. నీడంటే దానికి పడదు, అయినా నిలబడింది. ఎండ ఇటు మళ్ళింది కాబట్టి వచ్చిందిలే. నేనేమీ అనుకోలేదు.

కుర్చీలో గాలి రాదు.


పొద్దు 217, మధ్యాహ్నం దాకా

పిన్ని తలుపు కొట్టాను. తలుపు తీస్తూనే మొదలెట్టింది.

"ఏందిరా, మొహం అట్టా వేలాడేసుకొచ్చావు? చిట్టికేమన్నా అయిందా?"

"చిట్టి బానే ఉంది పిన్నీ. నన్నే మార్చేస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నం నుంచి దిష్టిబొమ్మ కాస్తుంది."

ఆవిడ నన్ను చూసింది. గుమ్మం పట్టుకుంది.

"నేను కోపంలో అన్నాన్రా."

"తెలుసు పిన్నీ."

"కోపంలో అన్న మాటకి కాళ్ళు తగిలించేవాళ్ళుంటారా ఎక్కడన్నా?"

"కాళ్ళ మాట నాదే పిన్నీ."

"నీ నోరు పడ!" అంది కానీ గట్టిగా కాదు. "ఇప్పుడేం కావాలి?"

"కాటుక."

"ఎంత?"

"ఉన్నదంతా."

ఎందుకని అడగలేదు. ఈవిడ దగ్గర గొప్ప గుణం అదే. ఆముదం దీపం మీద తనే పట్టిన కాటుక, పెద్ద భరిణెడు తెచ్చి చేతిలో పెట్టింది. "కుడికే పెట్టు. ఎడమకి పెడితే పెళ్ళికూతురు అనుకుంటారు" అంది. అది ఏ శాస్త్రమో నాకు తెలియదు.

ఫ్లైఓవర్ మీద ఎండ నడినెత్తికి వచ్చాక కుండీలు కదలవు, వెలుతురు అన్ని వైపులా ఒకటే కాబట్టి. అప్పుడు ఒక్కోదానికీ కుడికంటికి చుక్క పెట్టుకుంటూ వచ్చాను. టొమాటోలకి, దోసలకి, గోంగూరకి. కాకరకాయకి రెండుసార్లు తుడిచి పెట్టాను, కుదురుగా రావాలని. చిట్టికి మళ్ళీ కొత్తగా. గుండ్రంగా తిరుగుతాయి, తిరగనీ, ఎటూ పోవు. నేను లేకపోయినా కోతి ఎక్కి ఎడమకన్ను మూయగానే గొడుగు మూసుకుంటుంది. కోతి బెదిరిపోతుంది. కుండీ బతికిపోతుంది. కాపరి లేకుండానే కాపలా. ఇంత తెలివి నాకు ఏడో తరగతిలో వచ్చి ఉంటే ఎనిమిదికి వెళ్ళేవాణ్ణి.

దిష్టిబొమ్మ టకటకా నడుచుకుంటూ వచ్చి మంద మధ్యలో నిలబడింది. దాని కుండీకీ కుడికన్నుంది. దానికీ పెట్టాను. న్యాయం అందరికీ ఒకటే.

గోడ మీద కోతులన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. నేను టవర్ వైపు వెళ్ళిపోవడం చూశాయి.


పొద్దు 217, కుర్చీలోంచి

పెట్టె ఇంకా నా మెడలోనే ఉంది. తీసుకోవడం మరిచిపోయారు. అందుకని చెబుతున్నాను.

కుర్చీ మెత్తగా ఉంది. అదొక బాధ. నాగభూషణం గారు దగ్గరుండి నేర్పించారు. ముందు నమస్కారం. తర్వాత ఫ్లాట్ నంబరు. తర్వాత ఫిర్యాదు ఎవరి మీద. ఏం విన్నా ఆశ్చర్యపోకూడదు. ఆఖర్న "మీ ఓపికకు ధన్యవాదాలు." లేవకూడదు. ఒకసారి లేచి చూశాను. గంట మోగింది. ఆయన వేలు ఊపి, భోజనానికి ఇంటికి వెళ్ళిపోయారు.

టైమెంతయిందో తెలియడం లేదు. కిటికీ ఉంటే తెలిసేది. బయట కోతులు వచ్చి ఉంటాయి. ఈపాటికి మొదటిది ఎక్కి ఉంటుంది. ఎడమకన్ను మూసి ఉంటుంది. గొడుగు టక్. కోతి గెంతు.

పెద్దాయనకైతే ఒకసారి తగిలింది, ఎప్పుడు దూకాలో తెలుసు. మిగతావాటికి తెలియదు కదా అని ఇప్పుడే తడుతోంది. దూకకపోతే లోపలే ఉండిపోతాయి.

గొడుగు మూసుకున్నాక కుండీ ఏం చేస్తుంది?

అయ్యో.

ఫోను మోగింది. మొదటి ఫిర్యాదు. గేటు దగ్గర నుంచి, మస్తాన్ బాబాయ్.

"నమస్కారం. ఫ్లాట్ నంబరు చెప్పండి."

"ఫ్లాటేందిరా, గేటు. ఒరే, కుండీలు పెందలాడే వచ్చేశాయిరా. అన్నీ గొడుగులు మూసుకునే వచ్చాయి. నిద్దట్లో ఉన్నాయనుకుని తలుపు తీశా."

"మంచి పని చేశావు బాబాయ్."

"అరుస్తున్నాయిరా."

"టొమాటోలు అరవవు బాబాయ్."

"అరుస్తున్నాయంటున్నా కదరా! ఒకటి తెరలోంచి చెయ్యి పెట్టి నా టోపీ లాక్కుంది. టొమాటోకి చెయ్యి యాడిదిరా?"

"అన్నీ లోపలికి వెళ్ళిపోయాయా?"

"ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయారు. బుద్ధిగా."

ధన్యవాదాలు చెప్పేలోపల ఇంకోటి మోగింది. మూడో అంతస్తు, కాకరకాయ వాళ్ళాయన. చాలా నెమ్మదైన మనిషి.

"ఫిర్యాదు ఎవరి మీదండీ?"

"పేరు తెలియదు బాబూ. మా కుండీ ఇంటికి రాగానే మా ఆవిడ కాకరకాయ కోద్దామని గొడుగు తెరిచింది. ప్రస్తుతం మా దుప్పటి కప్పుకుని మా మంచం మీద కూర్చుని ఉంది."

"మీ ఆవిడా?"

"కాదు. మా ఆవిడ అల్మారా మీద ఉంది."

ఏడో అంతస్తు. పప్పు గిన్నె పోయింది. ఐదో అంతస్తు. ఫ్యాను మీద ఇద్దరున్నారు, స్విచ్ వేయాలా వద్దా? వద్దండీ, ఒప్పందం. రెండో అంతస్తు. ఏమీ చెప్పలేదు, ఊరికే అరిచారు. మీ ఓపికకు ధన్యవాదాలు. తర్వాత పిన్ని.

"ఒరే వీరాంజీ, చిట్టిలో పిల్లకోతి ఉందిరా. ఇంతే ఉంది, పిడికెడు. కళ్ళు చూడు, ఎంతేసి ఉన్నాయో! అన్నం పెట్టొచ్చా?"

"పిన్నీ, అది కాయలు తినలేదా?"

"ఒకటి తింది. తిననీలే. చిట్టికి దిష్టి పోయింది కదా, మళ్ళీ కాస్తుంది. పెరుగన్నం పెట్టనా, పప్పన్నం పెట్టనా? అది చెప్పు."

"పెరుగన్నం."

"నేనూ అదే అనుకున్నా."

తర్వాతది మోగింది. ఎవరో గుసగుసలాడుతున్నారు.

"నమస్కారం. ఫ్లాట్ నంబరు చెప్పండి."

"నేనురా. నాగభూషణాన్ని."

"నంబరు చెప్పాలండీ."

"ఒరే... ఎనిమిది వందల రెండు. బాత్రూంలో ఉన్నాను."

"ఫిర్యాదు ఎవరి మీదండీ?"

"దిష్టిబొమ్మ ఇంటికొచ్చింది."

"రావాలి కదండీ. కుండీ మీదే కదా. ఎవరి కుండీ వాళ్ళింటికే."

"దాని చొక్కాలోంచి ఒక కోతి దిగింది. సగం తోకది. కొత్త రకం కుండీ, దానికీ గొడుగు ఉందని తెలియదల్లే ఉంది. చాలా కోపంగా ఉంది. నా కుర్చీలో కూర్చుని బొమ్మ మీసాలు చూస్తోంది, గోడ మీద నా ఫోటో చూస్తోంది, మళ్ళీ మీసాలు చూస్తోంది."

ఆశ్చర్యపోకూడదని నేర్పించారు కాబట్టి ఆశ్చర్యపోలేదు.

"బయటికి పంపించెయ్యండి."

"ఎట్టా పంపేది? నేలది నేలకే, గదిది గదికే. గదిలోకి వచ్చింది కదరా. తోలేస్తే ఒప్పందం తప్పినట్టు, ఉంచుకుంటే..." ఏదో పగిలిన చప్పుడు. "నువ్వు వచ్చి తీసుకుపో నాయనా. వాటికి నువ్వు తెలుసు. నీ పేలు చూశాయి."

"కుర్చీలోంచి లేవకూడదండీ. గంట మోగుతుంది."

"లేవరా బాబూ!"

"మరి ఆర్డరో?"

"ఏ ఆర్డరు?"

"నన్ను కుర్చీలో వేసిన ఆర్డరు. మంద ఎవరిదండీ రేపట్నుంచి?"

బాత్రూం తలుపు మీద ఎవరో తడుతున్నారు, మర్యాదగా, రెండే దెబ్బలు. పెద్దాయన ఎప్పుడూ అంతే.

"నీదే" అన్నారు నాగభూషణం గారు.

"కొంచెం గట్టిగా. పెట్టె నా మెడలోనే ఉంది."

"మంద వీరాంజిదే! ఫ్లైఓవర్, బస్సు, కోతులు, అన్నీ వీరాంజివే! కమిటీ తీర్మానం! గడియ తీస్తోందిరా, దానికి గడియ తీయడం వచ్చురా..."

విన్నావు కదా పెట్టే. జాగ్రత్త.

ఏం చెయ్యాలో తెలుసు. కాటుక తుడిచేస్తే చాలు. గేటు తీసి వెలుతురు చూపిస్తే కుండీలు వాటంతటవే నడుస్తాయి, తోలడం కోతులకి వచ్చు. ఇంటింటికీ ఒక డ్రైవరున్నాడు. వచ్చిన దారినే తోలుకుంటూ పోతాయి. ర్యాంపు మలుపులో మాత్రం ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి, కుడికి తిప్పనివ్వకుండా. కాళ్ళున్నవాడు.

మళ్ళీ మోగుతోంది. మూడు ఒకేసారి మోగుతున్నాయి. తడిగుడ్డ కావాలి. కొండముచ్చు తోక ఎక్కడ పెట్టానో. లేస్తున్నాను, గంట మోగుతోంది, మోగనీ. పోవాలి.